మూడు వేల రూపాయల దీపావళి

పండుగ అయిపోయి, ప్రమిదల్లోని నూనె జిడ్డు కూడా వదిలాక పండుగ గురించి రాయడం నాకు మొదటినుంచీ అలవాటు. ఈసారైతే ఏడాదికి పైగా ఆలస్యమైంది. ఇది 2024 దీపావళి ముచ్చట. అప్పుడే రాద్దామనుకున్నాను కానీ అందులో ఒక భాగం రాయడానికి మనసొప్పలేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఆ ఏడాది శ్రావణమాసంలో మేము సొంత ఇంట్లో అడుగుపెట్టాం. నిజామాబాదులో, బోధన్ రోడ్డు వైపు, నూరు గజాల స్థలంలో, బ్యాంకువారి దయతో కట్టుకున్న చిన్న ఇల్లు. నలభై ఏళ్ళు నిండాక దక్కిన మొదటి సొంత ఇల్లు కాబట్టి, అక్టోబరు 31న వచ్చే మొదటి దీపావళికి ఇంటిని దీపాలతో నింపేయాలని నా కోరిక. వాయిదాలు కట్టేది నేనే అయినా ఇంట్లో ఖజానా మా అమ్మ చేతిలో ఉంటుంది. ఆమె లెక్కలన్నీ చూసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, “మూడు వేలు. గంతకు మించి ఒక్క రూపాయి రాదు” అని తేల్చేసింది.

మూడు వేలతో ఇంటిని వెలిగించడం పెద్ద పనేమీ కాదనుకున్నాను. పైగా మా ఇంట్లో ఆ విద్య తెలిసిన మనిషి ఉన్నాడు. మా బాపు.

* * *

మాది బోధన్. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని మా ఊరివాళ్ళ నమ్మకం. ఆ కథకు గుర్తుగా ఊళ్ళో ఒక పేటకు రాకాసిపేట అనే పేరుంది. మేము ఆ పేటలోనే ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా చిన్నతనంలో వెలుగు అంటే రెండే. ఒకటి శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వెలుగు, రెండవది మా బాపు వెలుగు.

నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు కాలువల్లో పారి, ఆ నీళ్ళకు చెరకు పెరిగి, ఆ చెరకుకు ఫ్యాక్టరీ వచ్చి, ఆ ఫ్యాక్టరీకి ఊరు పెరిగింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. దీపావళి అటూ ఇటూగా గానుగ మొదలయ్యేది. చక్కెర మిల్లులు పిండేసిన చెరకు పిప్పినే బాయిలర్లలో మండించి, ఆ ఆవిరితో తమ కరెంటు తామే చేసుకుంటాయి. అందుకే ఊళ్ళో కరెంటు పోయిన రాత్రుల్లో కూడా శక్కర్‌నగర్ దిక్కున ఆకాశం ఎర్రగా, తెల్లగా వెలుగుతూ ఉండేది. రోడ్డు పొడవునా చెరకు బండ్లు బారులు తీరేవి. ప్రతి బండి కింద ఒక లాంతరు ఊగేది. పిల్లలం మేము ఆ లాంతర్లను లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవాళ్ళం. గాలి అటునుంచి తిరిగితే ఊరంతా బెల్లప్పాకం వాసన.

రెండవ వెలుగు మా బాపుది. ఆయన లైటింగు పని చేసేవాడు. పెళ్ళిళ్ళకు, వినాయక మండపాలకు, ఉర్సులకు, జాతరలకు దీపాల తోరణాలు అద్దెకిచ్చి, తానే వెళ్ళి కట్టి వచ్చేవాడు. నిజాంసాగర్ ఆయకట్టులో కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్ళను మా దిక్కున క్యాంపులంటారు. ఆ క్యాంపుల్లో పెళ్ళి అంటే లైటింగు ఘనంగా ఉండాల్సిందే. వర్ని, కోటగిరి, రుద్రూరు దాకా సైకిల్ మీద దీపాల పెట్టెలు కట్టుకుని వెళ్ళేవాడు.

అన్ని పండుగలకూ ఆ పెట్టెలు ఎవరో ఒకరి ఇంటి మీదే ఉండేవి. దీపావళి రాత్రి మా అద్దె ఇంటి గడప మీద అమ్మ పెట్టిన నాలుగు ప్రమిదలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. “ఊరందరికీ లైట్లు కట్టేటోని ఇంట్ల చీకటి” అని అమ్మ నవ్వుతూనే అనేది. ఆ నవ్వు నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

* * *

ఈ రోజుల్లో వందో నూటయాభయ్యో పడేస్తే దొరికే తోరణం వెనుక అప్పట్లో ఎంత పని ఉండేదో చెబితే మా అమ్మాయి నమ్మదు. మీలో కొందరికైనా గుర్తుండి ఉంటుంది కాబట్టి చెబుతాను.

మిర్చి సెట్టు అనేవాళ్ళం. పండు మిరపకాయంత సన్నటి బల్బులు. ఒక్కొక్కటి ఆరు వోల్టులు చిల్లర తీసుకుంటుంది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ఒక్క బల్బును నేరుగా తగిలిస్తే ఢామ్మంటుంది. అందుకని ముప్పై ఆరు బల్బులను ఒకదాని వెనుక ఒకటి కడతారు. 230ని ముప్పై ఆరుతో భాగిస్తే ఒక్కోదానికి 6.4 వోల్టుల దాకా వస్తుంది. లెక్క సరిపోయింది. నాకు భాగహారం నేర్పింది బడి కాదు, ఆ మిర్చి సెట్లే.

బల్బులు అన్నీ తెల్లవే. రంగులు అమ్మ పని. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు లక్కరంగులు చిన్న గిన్నెల్లో పోసి, ఒక్కొక్క బల్బునూ ముంచి, తలకిందులుగా దండెం మీద ఆరేసేది. రంగు వాసనకు మాకు తలనొప్పి వచ్చేది. ఇక పెద్ద తోరణాలకు జీరో బల్బులు. పేరులో సున్నా ఉంది కానీ అది పదిహేను వాట్లు తాగుతుంది. పాతకాలపు మీటర్లు అంత చిన్న వాడకానికి కదిలేవి కావని ఆ పేరు వచ్చిందట.

వరుసలో ఒక్క బల్బు పోతే ముప్పై ఆరూ ఆరిపోతాయి. పోయిన దాన్ని పట్టుకోవడమే అసలు విద్య. బాపు టెస్టరు పట్టుకుని మొదటినుంచి ఒక్కొక్క అతుకు దగ్గరా ముట్టించి చూసేవాడు. ఎక్కడిదాకా టెస్టరు వెలుగుతుందో అక్కడిదాకా కరెంటు వస్తున్నట్టు. ఎక్కడ ఆరిపోయిందో, దోషం దానికి ముందరి బల్బులో ఉన్నట్టు. ముప్పై ఆరింటినీ చూడక్కర్లేదు, సగానికి వెళ్ళి చూసి, అటా ఇటా అని తేల్చుకుని, మళ్ళీ ఆ సగంలో సగం చూస్తే ఐదారు సార్లలో దొరికిపోతుంది. పెద్దయ్యాక కంప్యూటరు క్లాసులో ఈ పద్ధతికి ఒక పెద్ద పేరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది.

కొందరు లైటింగువాళ్ళు పోయిన బల్బును మార్చకుండా తీసేసి, తీగలు రెండూ కలిపి మెలేసేవారు. సెట్టు వెలుగుతుంది, బల్బు ఖర్చు మిగులుతుంది. బాపు ఆ పని ఎన్నడూ చేయలేదు. ఆరు బల్బులు తీసేస్తే మిగిలిన ముప్పై తలా 7.7 వోల్టుల దాకా మోయాలి. కాసేపు ఎక్కువగా వెలుగుతాయి, ఆ తర్వాత ఒకటి వెంట ఒకటి రాలిపోతాయి. “ఉన్నోళ్ళ మీద లేనోళ్ళ బరువు పడ్తది” అనేవాడు.

* * *

ఈ తోరణాల కథ ఎక్కడ మొదలైందో తర్వాత చదివాను. 1882లో న్యూయార్కులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు ఎనభై చేత్తో తీగలు కట్టి వెలిగించాడట. అంటే మా అమ్మా బాపూ చేసిన పనే, నూరేళ్ళ ముందు. ఇక మన దేశంలో ఆ పని పరాకాష్ఠ చూడాలంటే మైసూరు ప్యాలెస్ చూడాలి. దాదాపు లక్ష బల్బులు. ఒకసారి బాపును తీసుకెళ్ళాను. జనమంతా వెలుగును చూస్తుంటే ఆయన మాత్రం “బల్బులు మార్చేటోళ్ళు ఎంతమంది ఉంటరో అడుగు” అన్నాడు.

ఆ విద్యకు కాలం చెల్లించింది ఒక నీలి చుక్క. ఎర్రటి, పచ్చటి ఎల్‌ఈడీలు అంతకుముందే ఉన్నా, బాగా వెలిగే నీలం మాత్రం 1990ల మొదట్లోగానీ కుదరలేదు. నీలం వస్తేనే దాని మీద పసుపు పూత పూసి తెల్లటి వెలుగు తీయగలరు. ఆ నీలం సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. బహుమతి వార్త నేను చదివి వినిపిస్తే బాపు శ్రద్ధగా విని, “మంచిగనే చేసిండ్రు. మాడిపోదు, వేడెక్కదు” అన్నాడు. తన పని తీసేసిన వస్తువును అంత నిష్పక్షపాతంగా మెచ్చుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

నిజానికి బాపు లైటింగు పని మానేసింది ఎల్‌ఈడీలు మన బజారుకు రాకముందే. నేను ఐదో తరగతిలో ఉండగా ఒక వినాయక చవితి తర్వాత పెట్టెలన్నీ ఎవరికో ఇచ్చేసి, ఒక రైసుమిల్లులో వైర్‌మన్‌గా చేరాడు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఆ దిక్కున ఆకాశం నల్లబడింది. అప్పటికే మేము నిజామాబాదు చేరుకున్నాం.

* * *

ఇక పండుగ ఏర్పాట్లకు వస్తాను. పదిహేను రోజుల ముందు ఒక ఆదివారం కాగితం, కలం పట్టుకుని కూర్చుని నా పథకం రాశాను. కిటికీలకు జలపాతంలా వేలాడే పరదా లైట్లు రెండు, 900. రంగురంగుల తోరణాలు పది, 1,100. పిట్టగోడ మీద రంగులు మారుతూ పరుగెత్తే పైపు లైటు, 600. ప్రమిదలు, నూనె, దారం, మేకులు, 400. మొత్తం సరిగ్గా మూడు వేలు. నా తెలివికి నేనే మురిసిపోయి బాపుకు చూపించాను.

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు. “ట్రిప్పరు ఏది?” అన్నాడు.

ట్రిప్పరు అంటే మా ఇంట్లో ఆర్‌సీసీబీకి పేరు. ఇల్లు కట్టేటప్పుడు ఖర్చు చేయిదాటిపోతుంటే నేను కొట్టేసిన పద్దుల్లో అదొకటి. “ఎంసీబీలు ఉన్నాయి కదా, చాలు” అన్నాను. అప్పుడు కూడా బాపు రెండు మూడు సార్లు చెప్పాడు. నేను వినలేదు. ఇప్పుడు మళ్ళీ అదే మాట.

“దానికి ఎంతవుతుంది?”

“డబ్బతోని కలిపి పదిహేడు వందలు. నేనే బిగిస్త.”

“బాపూ, ఉన్నదే మూడు వేలు. అందులో సగానికి ఎక్కువ ఎవరికీ కనబడని డబ్బాలో పోస్తే ఇక దీపాలు ఎక్కడ?”

“అది లేకపోతే ఒక్క దీపం గూడ పెట్టొద్దు.”

ఆయన గొంతు పెంచలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే చిన్నపిల్లవాడిలా రోషం వచ్చింది. పక్కింటివారు అప్పటికే మేడ నుంచి కిందిదాకా లైట్లు దించారు. ఊరందరికీ లైట్లు కట్టిన మనిషి, కొడుకు సొంత ఇంటికి కట్టే రోజు వస్తే అడ్డం పడుతున్నాడేమిటని మూడు రోజులు ముభావంగా తిరిగాను. నాలుగో రోజు అమ్మ పిలిచి, “ఆయన అడిగింది తెచ్చియ్యి. ఎందుకని అడగకు” అంది. అమ్మ ఖజానా నుంచి వచ్చిన ఆజ్ఞకు మా ఇంట్లో అప్పీలు లేదు.

ఇక్కడ ఆ డబ్బా సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే నాకూ అప్పటిదాకా సరిగా తెలియదు. ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ కాపాడేది తీగను, మనిషిని కాదు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు ఐదు ఆంపియర్లు దాటితేగానీ పోదు. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా చాలు. ట్రిప్పరు వేరే లెక్క చూస్తుంది. ఒక తీగలో ఇంట్లోకి వెళ్ళిన కరెంటు అంతా రెండో తీగలో తిరిగి వచ్చిందా లేదా అన్నదే దాని చూపు. వెళ్ళినదానికీ వచ్చినదానికీ ముప్పై మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే ఆ కొంచెం ఏ తడిగోడలోకో ఏ మనిషి ఒంట్లోకో పోతున్నట్టు తెలిస్తే, సెకనులో మూడో వంతు కూడా గడవకముందే కరెంటు తెంచేస్తుంది. మా అమ్మ నెలాఖరు లెక్కలాంటిదన్నమాట. ఇచ్చింది ఎంత, తిరిగి వచ్చింది ఎంత, తేడా ఎక్కడ పోయింది?

బజారులో దొరికే తోరణాలకు ఇది మరీ అవసరమని బాపు అన్నాడు. చూడటానికి బొమ్మల్లా ఉంటాయి కానీ చాలావాటిలో వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ప్లగ్గు దగ్గరి చిన్న డబ్బీ దాటాక కూడా ఆ సన్నతీగలో గోడలోని కరెంటే నడుస్తుంది. తీగ తోలు ఒలిస్తే అంతే సంగతులు.

* * *

గాంధీచౌక్ వెళ్ళి ట్రిప్పరు తెచ్చాను. మిగిలింది 1,300. ఇప్పుడు బాపు హుషారు చూడాలి. టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాడు. ముందు పిట్టగోడ 25 అడుగులు, రెండు మూలలు చెరి 11 అడుగులు. ఒక్కో తోరణం పది మీటర్లు, అంటే ముప్పై మూడు అడుగులు. “గోడ నింపుతనంటే కోటి బల్బులు గూడ సాలయి. అంచు గీస్తె రెండు సాలు” అన్నాడు. ఇంటి ఆకారాన్ని గీత గీసినట్టు వెలిగించి, మధ్యలో చీకటి వదిలేయడమే తక్కువ ఖర్చులో లైటింగు కట్టే రహస్యమట. చీకటి ఉంటేనే గీత కనిపిస్తుంది.

పిట్టగోడకూ మూలలకూ రెండు, గేటుకు ఒకటి, మెట్ల రెయిలింగుకు ఒకటి, గడపకు ఒకటి, తులసికోటకు ఒకటి. మొత్తం ఆరు. అన్నీ ఒకే రంగు, ప్రమిద వెలుగు రంగు. మిణుకుమనే ఆటలు వద్దన్నాడు. “కన్ను ఆగాలె. ఉరికేటి లైటు పెండ్లికి, నిలిచే లైటు ఇంటికి.” ఆరు తోరణాలు 110 చొప్పున 660. జంట తీగ, మూడు కాళ్ళ ప్లగ్గు, టేపు 240. ప్రమిదలు నాలుగు డజన్లు 120. నువ్వుల నూనె 200. సుతిలి, కొక్కేలు 80. వత్తులు అమ్మే చేసింది. ట్రిప్పరుతో కలిపి మూడు వేలు. మిగులు సున్నా.

మేకు ఒక్కటీ తోరణం తీగ మీద పడకూడదు. ముందు సుతిలి గట్టిగా లాగి కట్టి, దానికి తోరణాన్ని వదులుగా చుట్టాలి. బరువు సుతిలి మోయాలి, తీగ మోయకూడదు. అతుకులు నేలకు ఆనకూడదు. ప్లగ్గు నీళ్ళు పడని చోట ఉండాలి. ఒక్కొక్క తోరణం కట్టకముందే నేల మీద పరిచి, వెలిగించి, ఒక గంట చూడాలి. డెబ్బై రెండేళ్ళ బాపు కింద కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను నిచ్చెన మీద ఆయన చేతులై పనిచేశాను. తోరణానికి ఐదు వాట్ల చొప్పున ఆరింటికి ముప్పై వాట్లు. రాత్రికి ఐదు గంటలు, ఐదు రాత్రులు, ఇరవై ఐదు గంటలు. యూనిట్‌లో ముప్పావు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఐదు రాత్రుల వెలుగుకు ఆరు రూపాయలు. పాత జీరో బల్బులు నలభై కట్టి ఉంటే పదిహేను యూనిట్లు, నూట ఇరవై రూపాయలు. అమ్మ ఈ లెక్కకు బాగా సంతోషించింది.

తులసికోట ఒక్కటే మిగిలింది. ప్లగ్గు నుంచి అక్కడికి తీగ రెండడుగులు తక్కువైంది. అప్పటికి బాపు అలసి పడుకున్నాడు. ఆయన్ను లేపడమెందుకని నేనే ఒక ముక్క తెచ్చి, మెలేసి, టేపు చుట్టి, కోట వెనుక కనబడకుండా పెట్టాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

* * *

31వ తేదీ తెల్లవారుజామున తలంట్లు, మా దిక్కు ఆచారం ప్రకారం ఆడవాళ్ళు మగవాళ్ళకు మంగళహారతులు ఇవ్వడం, పళ్ళెంలో మేము డబ్బులు వేయడం అయ్యాయి. మా అమ్మాయి హారతి ఇచ్చి తాతను గట్టిగా అడిగి మరీ వంద తీసుకుంది. సాయంత్రం లక్ష్మీపూజ అయ్యాక స్విచ్ బాపు చేతే వేయించాం.

మా ఇల్లు చీకటిలో ఒక బంగారు గీతలా నిలిచింది. పక్కింటి వెలుగు ముందు అది చాలా తక్కువే. వీధిలో ఎవరూ ఆగి చూడలేదు. అయినా గేటు బయట నిలబడి చూస్తే, మా అమ్మాయి బడి పుస్తకంలో ఇల్లు బొమ్మ గీసినట్టు, మేడ, గడప, మెట్లు, తులసికోట అన్నీ విడివిడిగా, స్పష్టంగా కనిపించాయి. అమ్మ వచ్చి నా పక్కన నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, “మంచిగుంది” అంది. ఆ ఒక్క మాటకు ఆమె ఎన్ని దీపావళులు ఎదురుచూసిందో లెక్కవేయడం నాకు చేతకాలేదు.

అసలు సంగతి మూడో రాత్రి జరిగింది. అమ్మాయి ఉత్త కాళ్ళతో వాకిట్లో మిగిలిన కాకరపువ్వొత్తులు కాలుస్తోంది. అమ్మ సంధ్యవేళ తులసికి నీళ్ళు పోయడం మరిచిందని చెంబుతో తెచ్చి పోసింది. నీళ్ళు కోట నిండి వెనక్కి జారాయి. అంతే, ఠక్కుమంది. ఇల్లంతా చీకటి.

అమ్మాయి అరిచింది. వీధిలో అందరికీ వెలుగుతోంది, మాకొక్కరికే పోయింది. “చూశావా బాపూ, నీ డబ్బా పండుగపూట...” అంటూ విసుగ్గా లోపలికి వెళ్ళాను. బాపు అప్పటికే టార్చితో బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. ట్రిప్పరు మీట కిందికి పడి ఉంది. ఆయన దాన్ని పైకి వేయలేదు. దాని మీద వేలు ఆనించి, పిల్లి పిల్లను నిమిరినట్టు నిమిరాడు. ఆయన మొహం నవ్వుతోంది. అంత నిండుగా ఆయన నవ్వగా నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

“పని చేసింది” అన్నాడు.

ఆరు తోరణాలూ ఊడదీయించి, ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఐదు బాగున్నాయి. ఆరోది పెట్టగానే ఠక్కుమంది. తీగ వెంట టార్చి వేసుకుంటూ వెళ్ళి, తులసికోట వెనుక తడి మట్టిలో పడి ఉన్న నా అతుకును బయటికి తీశాడు. టేపు ఊడి రాగి తేలింది. దానికి జానెడు దూరంలో మా అమ్మాయి కాల్చి పారేసిన కాకరపువ్వొత్తి ఇంకా వేడిగా ఉంది.

నేను ఏమీ అనలేకపోయాను. ఆయనా ఏమీ అనలేదు. అతుకును కోసేసి, కొత్తగా కట్టి, ఇటుక మీద ఎత్తి పెట్టాడు. దీపాలు మళ్ళీ వెలిగాయి. అప్పుడు మెట్ల మీద కూర్చుని చెప్పాడు, ముప్పై ఏళ్ళుగా చెప్పని సంగతి.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి ఆ వినాయక చవితికి బోధన్ దగ్గరి ఒక పల్లెలో మండపం కట్టారు. బాపుతో పాటు పదిహేడేళ్ళ కుర్రవాడు పనికి వచ్చేవాడు. నాకూ గుర్తున్నాడు, నాకు కాలిన బల్బులు ఏరి ఇచ్చేవాడు. పేరు ఇక్కడ రాయను. వాన పడి వెదురు బొంగులు తడిశాయి. ఒక అతుకు మీద టేపు వదులైంది. పిల్లవాడు బొంగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఫ్యూజు పోలేదు. దీపాలు ఆరలేదు. “లైట్లు మంచిగ వెలుగుతున్నయి బిడ్డా. వాడు గట్లనే పట్టుకోని ఉన్నడు. లైట్లు వెలుగుతున్నయని నేను అటు దిక్కు చూడలె.” ఎవరో అరిచాక బాపు కట్టెతో కొట్టి విడదీశాడు. పిల్లవాడు బతికాడు. కుడిచేతి వేళ్ళు రెండు ఇప్పటికీ వంగవు. ఆ అతుకు కట్టింది బాపే.

అతను ఇప్పుడు బోధన్‌లో చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాడట. బాపును ఏనాడూ ఒక్క మాట అనలేదట. బాపు మాత్రం ఆ వారమే పెట్టెలు ఇచ్చేశాడు. “అప్పుడు గీ డబ్బ మనకు తెల్వదు. తెలిసినంక గూడ పెట్టకపోతే ఎట్ల?” అన్నాడు.

పక్కింటి మేడ మీద లైట్లు ఎరుపు, నీలం, ఆకుపచ్చ అంటూ పరుగెత్తుతున్నాయి. మా ఇంటి అంచు మీద పసుపు గీత కదలకుండా నిలిచి ఉంది. నా అతుకు గురించి ఆయన అప్పుడూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

* * *

2025 అక్టోబరు 20న రెండో దీపావళి వచ్చింది. అవే ఆరు తోరణాలు, ట్రిప్పరు ఖర్చు లేదు కాబట్టి డబ్బులు మిగిలాయి. ఇంకో నాలుగు తోరణాలు కొందామా అని అమ్మను అడిగాను. అమ్మ బాపు వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, బోధన్‌లో ఒక కిరాణా కొట్టువాడు కొత్త ఇల్లు కడుతున్నాడని, ఆ ఇంటికి కూడా ఒక ట్రిప్పరు ఉంటే బాగుంటుందని అన్నాడు.

పండుగకు రెండు రోజుల ముందు పాతిక కిలోమీటర్లు బండి మీద వెళ్ళి వచ్చాం. బిగించింది నేను. బాపు కుర్చీలో కూర్చుని చెప్పాడు. ఆ ఇంటాయన ఎడమచేత్తో నాకు మరలు అందించాడు. పని అయ్యాక బాపు ట్రిప్పరు మీద ఉండే పరీక్ష మీట నొక్కి, అది ఠక్కుమని పడటం ఆయనకు చూపించాడు. నెలకొకసారి అలా నొక్కి చూసుకోవాలని మరీ మరీ చెప్పాడు. వస్తుంటే శక్కర్‌నగర్ దిక్కున ఆకాశం నల్లగానే ఉంది. బాపు బండి వెనుక కూర్చుని దారి పొడవునా ఏ ఇంటికి ఏ లైటు ఎలా కట్టారో తప్పులెంచుతూనే ఉన్నాడు.

మీ ఇంట్లో దీపాలు కట్టే ముందు ఒకసారి బోర్డు తెరిచి చూసుకోండి. ఇంతకుమించి చెప్పడానికి నాకు అర్హత లేదు. ఆలస్యంగానైనా అందరికీ దీపావళి శుభాకాంక్షలు.